శేషు అంకుల్ ట్యాగ్ లేని చొక్కా

కాదు. ట్యాగ్ లేనంత మాత్రాన చొక్కా పాతదైపోదు.

నేనూ అలాగే అనుకుని ఒకసారి ఒక చొక్కా వయసు ఇరవై ఏళ్లు తప్పు చెప్పాను. ఆ తప్పు పట్టుకున్న మనిషి నిన్న పొద్దున పోయారు.

శేషు అంకుల్.

అమ్మ ఫోన్ పట్టుకుని నా రూమ్ తలుపు దగ్గర నిలబడి, "శేషు అంకుల్‌కి హార్ట్ ఎటాక్ అంట రా. పోయారంట" అంది.

"ఏ శేషు అంకుల్?" అన్నాను.

నాకు తెలిసింది ఒక్కరే. అయినా అడిగాను.

శనివారం థ్రిఫ్ట్ స్టోర్‌కి, అదే వాడిన బట్టలూ సామాన్లూ అమ్మే షాప్‌కి, వస్తావా అని ఆయన మెసేజ్ పెట్టారు. దానికి నేనింకా రిప్లై ఇవ్వలేదు.

తెలియనివాళ్లకి చెప్తున్నా. అంకుల్‌ది ఇక్కడ అమెరికాలో, ఎడిసన్‌లో మా వెనక వీధి. ఫార్మా కంపెనీలో చేసి రిటైర్ అయ్యారు. పాత చొక్కాలంటే పిచ్చి. కొనేది తక్కువ, ఏ కాలంవో కనిపెట్టేది ఎక్కువ.

నేను ఏడో క్లాస్ మధ్యలో గుంటూరు నుంచి వచ్చాను. ఇక్కడ స్కూల్లో నోరు తెరవలేకపోయాను. తర్వాత వెళ్లడమే మానేశాను. ఎందుకు మానేశావని మీలో చాలామంది అడిగారు.

అంకుల్ అడగలేదు.

ఆయన్ని మొదటిసారి చూసింది పిస్కాటవేలో ఒక థ్రిఫ్ట్ స్టోర్‌లో. అమ్మ గిన్నెలు చూస్తోంది. నేను ఎవరికీ కనపడకుండా చొక్కాల మధ్య నిలబడ్డా. పక్కన ఒకాయన చొక్కా బటన్ పెదవికి ఆనించుకుని కళ్లు మూసుకున్నారు.

"చల్లగా ఉంటే ముత్యపు చిప్పతో చేసిన గుండీ. ప్లాస్టిక్ ఇంత చల్లగా ఉండదు. నువ్వు చూడు."

తెలుగులోనే అన్నారు. నేను తెలుగువాడినని ఎలా తెలిసిందో తెలీదు.

"అందరూ చూస్తున్నారు అంకుల్."

"చూడనీ నాన్నా. ముసలాడు చొక్కాకి ముద్దు పెడుతున్నాడు అనుకుంటారు. అంతేగా."

నేనూ ఆనించాను. చల్లగానే ఉంది.

ఆ తర్వాత ప్రతి శనివారం వెళ్లాం. కాలర్ తిప్పి లేబుల్ చదివించేవారు. ఎలా ఉతకాలో చెప్పే ట్యాగ్ ఉందా చూడు, ఇక్కడ ఆ రూల్ డెబ్బైల మొదట్లో వచ్చింది అనేవారు. కాలర్ కొసలు కుక్క చెవుల్లా పొడుగ్గా ఉంటే డెబ్బైలు. పక్క కుట్టు అడుగున చిన్న త్రికోణం ముక్క ఉంటే ఇంకా పాతది కావచ్చు. ఒక్క గుర్తు చూసి చెప్పకు, రెండు మూడు కలవాలి అనేవారు.

నేను ఇంగ్లీష్ చదవడం నేర్చుకుంది ఆ కాలర్ల లోపలే.

ఒకరోజు వాళ్లింట్లో సన్న నీలం చారల తెల్లచొక్కా ఇచ్చి, "ఎప్పటిదో చెప్పు" అన్నారు.

ట్యాగ్ లేదు. త్రికోణం ముక్క ఉంది. బటన్ చల్లగా ఉంది. "సిక్స్టీస్" అన్నాను, గట్టిగా.

అంకుల్ నవ్వి నవ్వి దగ్గారు.

"ఇది నా పెళ్లికి తెనాలిలో టైలర్ కుట్టింది నాన్నా. ఇరవై ఏళ్లు తప్పావు. అమెరికా రూల్ ఆయనకేం తెలుసు, ట్యాగ్ ఎందుకు పెడతాడు?"

పక్క కుట్టు తిప్పి చూపించారు. లోపల బోలెడు బట్ట మడిచి ఉంది, లావైతే వదులు చేసుకోవడానికి. పాత కుట్లు విప్పిన చోట సూది చిల్లులు, రెండు గీతలుగా.

"మొదటిది పెళ్లిది. రెండోది కిరణ్ పుట్టాక."

"మరి ఇప్పుడున్న కుట్టు?"

వంటింట్లోంచి విమల ఆంటీ అంది, "అది పిజ్జాది."

ఈరోజు పొద్దున వాళ్లింటికి వెళ్లాం. వాళ్లబ్బాయి కిరణ్ అన్న టెక్సస్ నుంచి వచ్చాడు. రేపు ఫ్యునరల్. అంకుల్‌కి వేయడానికి పిన్నులు కూడా తీయని కొత్త చొక్కా తెచ్చాడు. ఆంటీ దాన్ని చూస్తూ కూర్చుంది, ముట్టుకోలేదు.

హాల్లో పదిహేను మంది ఉన్నారు. నేను అంతమందిలో మాట్లాడను, మీకు తెలుసు.

"తెనాలి చొక్కా" అన్నాను.

ఆంటీ తలెత్తింది.

కిరణ్ అన్న లోపల్నుంచి తెచ్చాడు. "పట్టదు రా. ఎప్పుడో మానేశారు ఇది. సరే, ఫ్యునరల్ హోమ్ వాళ్లు వెనకవైపు కట్ చేసి వేస్తారంట."

"కత్తెర పెట్టొద్దు" అంది ఆంటీ. అంతే అంది.

నేను పక్క కుట్టు తిప్పి చూశాను. ఇంకా బట్ట ఉంది. రెండు పక్కలా వేలు వెడల్పు.

అంకుల్ నేర్పినట్టే ఒక్కో కుట్టూ విప్పాను. బట్ట ఎక్కడా చిరగలేదు. ఆంటీ మిషన్ ముందు కూర్చుని అంచు పట్టుకుని కొత్త కుట్టు వేసింది. కిరణ్ అన్న తన ఒంటికి పెట్టుకుని చూశాడు. ఆయనది వాళ్ల నాన్న ఒళ్లే.

పట్టింది.

అంకుల్ పాత చొక్కాలు డొనేషన్‌కి కట్టిన సంచులు కిరణ్ అన్న మళ్లీ విప్పాడు. "ఇవి ఎప్పటివో నాకూ చెప్పరా" అన్నాడు. గంటసేపు చెప్పాను. నేనే. మధ్యలో ఆయన బటన్ పెదవికి ఆనించుకుంటే ఆంటీ నవ్వింది. నిన్నటి నుంచి అదే మొదటిసారంట.

రేపు అందరి ముందు రెండు మాటలు చెప్పమంది ఆంటీ. సరే అన్నాను. అంకుల్ మెసేజ్‌కి కూడా ఇందాకే రిప్లై పెట్టాను. వస్తా అని. శనివారం కిరణ్ అన్నతో వెళ్తున్నా.

అంకుల్, హాయిగా పడుకోండి. చొక్కా ఇంక ఎక్కడా బిగుతుగా ఉండదు.

మీ ఇంట్లో కూడా టైలర్ కుట్టిన పాత చొక్కా ఒకటి ఉండే ఉంటుంది. లోపలివైపు తిప్పి చూడండి. ఎన్ని గీతలున్నాయి, ఇంకా ఎంత బట్ట మిగిలింది?