కొండల మీంచి వెతికిన పార

రుషికొండ నుంచి భీమిలికి బస్సెక్కితే ముప్పావుగంట. మేం ముగ్గురం మూడు రోజులు నడిచాం. ఈ సంగతి ఎత్తితే మా ఇంట్లో ఇప్పటికీ నన్ను అదోలా చూస్తారు.

తప్పంతా నాదే. బావికొండ, తొట్లకొండ, భీమిలి దగ్గర పావురాలకొండ. సముద్రం పక్కన వరసగా మూడు కొండలు, మూడింటి మీదా పాత బౌద్ధ విహారాల శిథిలాలు. గోదావరి నుంచి వచ్చి ముప్పై ఏళ్లుగా ఇక్కడ ఉంటున్నా వాటిలో ఒక్కదాన్నీ కుదురుగా చూడలేదన్న దుగ్ధ నాది. స్టీలు ప్లాంటులో క్రేను పట్టాలు సూటిగా ఉన్నాయో లేదో కొలవడం నా ఉద్యోగం. ఆ భిక్షువులు కొండ నుంచి కొండకి ఎలా నడిచి ఉంటారో నా కాళ్లతోనే తేల్చుకుందామనిపించింది. పోర్టులో లారీలు తూచే కాటా దగ్గర పనిచేసే మిత్రుడిని అడిగితే, మధ్యాహ్నం భోజనం ఎక్కడో ముందు చెప్పమన్నాడు. మా ప్లాంటులోనే ఫర్నేసు దగ్గర పనిచేసే భీమిలి మిత్రుడు మాత్రం నా మాట పూర్తవకుండానే, "నానూ వత్తాను బావా" అన్నాడు. పాత ఇటుకల ఊసెత్తితే ఆవలించే మనిషి. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

మొదటిరోజు బావికొండ. పొదల్లో పడి ఎక్కేసరికి చొక్కాలు పిండుకునేలా తడిశాయి. పైన ఇటుక గోడల పునాదులు, భిక్షువుల గదులు, వాననీళ్లు పట్టుకోవడానికి రాతిలో తొలిచిన బావులు. ఇప్పటి ఇటుకకి రెండింతలున్న ఇటుకని నేను టేపుతో కొలుస్తున్నాను. భీమిలాయన నాకు వీపు పెట్టి, పక్కనున్న తొట్లకొండ వంక చూస్తున్నాడు. ఓ గంట తర్వాత కూడా అటే చూస్తున్నాడు. నాకు ఒళ్లు మండింది.

"ఏవిటయ్యా ఆ చూపు? ఇంత దూరం వచ్చింది ఎదుటి కొండని చూడ్డానికా?" అన్నాను.

జీడిమామిడి చెట్టు కింద పులిహోర పొట్లాలు విప్పాక అప్పుడు బయటపెట్టాడు.

"మా అయ్యకి ఓ పార ఉండేది బావా."

సముద్రం అడుగున ఉండే రాళ్లగుట్టని వాళ్లు పార అంటారు. చేపంతా అక్కడే చేరుతుంది. అయితే నీళ్ల మధ్య ఆ చోటు పోల్చుకోవడం ఎలాగని నేను అడిగాను.

"ఒడ్డునున్న కొండలే గుర్తు. ముందున్న కొండా, ఎనకున్న కొండా ఒకే వరసలోకి రావాలి. ఇటు తిరిగితే ఇంకో రెండు వరసలోకి రావాలి. రెండూ కుదిరిన కాడ లంగరెయ్యడమే. నా సిన్నప్పుడు అయ్య పాడుకున్నట్టు అనేవోడు. 'దిబ్బ ఎనక్కొండ నెత్తికెక్కాలి, పావురాలకొండ మొండిగోడకి నల్లకొండ తగలాలి' అని. ఆ దిబ్బేటో, ఏ కొండ మీదుందో సెప్పలేదు. ఆరేళ్లయింది పోయి."

"మీ తమ్ముడికి తెలీదా?"

"అడిగాను. తెలీదన్నాడు."

ఈ తమ్ముడు ఇంకా సముద్రం మీదే బతుకుతున్నాడు. వలకి చేప రావడం లేదని నెలాఖరుకి పడవ అమ్మేస్తానంటున్నాడు. పార దొరికితే పడవ నిలుస్తుందని మా భీమిలివాడి ఆశ. అదొక్కటే కాదని ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది. పోర్టాయన పులిహోర పక్కన పెట్టి మెల్లగా అడిగాడు, పెద్దకొడుకువి, నీకెందుకు చెప్పలేదని.

"ప్లాంటులో సేరిన్నాటి నుంచి నన్ను పడవెక్కనివ్వలేదు బావా. నాను సముద్రాన్ని ఒగ్గేశానని కోపం. పోయేవరకూ కోపమే."

అప్పటినుంచి నాకు బౌద్ధం మీద కన్నా ఆ దిబ్బ మీద కుతూహలం పెరిగిపోయింది. దాచడమెందుకు, నిద్రలో కూడా అదే.

రెండోరోజు తొట్లకొండ. కింద మంగమారిపేటలో మావాడి మేనత్త ఇంట్లో పడుకుని, చద్దన్నం తిని పొద్దున్నే ఎక్కాం. కొండ నెత్తిన చదునుగా గుండ్రటి స్తూపం పునాది, వరసగా గదులు, రాతిలో తొలిచిన నీళ్లతొట్లు, ఎదురుగా సముద్రం. దిబ్బ అన్నది ఎక్కడా లేదు. మావాడు పొద పొదా వెతుకుతుంటే ముసలి కాపలాదారు వచ్చి ఏటి పోగొట్టుకున్నావని అడిగాడు.

"దిబ్బ" అన్నాడు మావాడు.

ఆయన నవ్వలేదు. స్తూపం కేసి చెయ్యి చూపించాడు. "తవ్వకముందు ఇదంతా ముళ్లపొదల దిబ్బే బాబూ. మట్టి తీసేసి ఇటుకలు బయటపెట్టారు."

మావాడు అక్కడే చతికిలపడ్డాడు. తండ్రి గుర్తుని మట్టితట్టల్లో ఎప్పుడో మోసుకుపోయారు. సముద్రంలోంచి ఎంత చూసినా ఇక కనబడదు. "అయిపోయింది బావా, ఎల్దాం" అన్నాడు.

నేను మాత్రం వెనక్కి తిరిగి చూశాను. స్తూపం వెనక, దూరంగా, నిన్న మేం పులిహోర తిన్న బావికొండ శిఖరం. ముప్పై ఏళ్లుగా పట్టాల వెంట ఒక కన్ను మూసి చూసిన మనిషిని. నా బుర్ర ఇంత ఆలస్యంగా పనిచేసినందుకు నాకే సిగ్గేసింది.

"నువ్వు లే ముందు," అన్నాను. "సముద్రంలోంచి చూస్తే ఈ దిబ్బ బావికొండ మీద కూర్చోవాలి, అంతేగా? మరి అదే వరస ఇక్కణ్ణుంచి పట్టుకుని సముద్రంలోకి పొడిగించు. మీ నాన్న పడవ ఈ గీత మీదే ఎక్కడో ఉండేది. మనం గుర్తు కోసం వెతుకుతున్నాం గానీ, గుర్తు మీదే నుంచున్నాం."

వీపు బావికొండకి పెట్టి ఫోనులో దిక్సూచి తెరిచాను. మూడుసార్లు చూసి, మూడుసార్లూ ఒకే అంకె వచ్చాక నోట్‌బుక్కులో రాసుకున్నాను. పోర్టాయనకి అర్థం కాలేదు, అయినా సంబరపడ్డాడు. ఇంకో గీత దొరికితే రెండూ ఎక్కడ కోసుకుంటాయో అదే పార.

మూడోరోజు పావురాలకొండ ఎక్కడానికి తలప్రాణం తోకకొచ్చింది. నరసింహస్వామి గుడి దాటాక పోర్టాయన మోకాలు పట్టేసింది. నన్నిక్కడే దేవుడికి ఒదిలేసి పొండర్రా అన్నాడు గానీ, కుతూహలం ఆగక ఆయనే కుంటుతూ మా వెనకే వచ్చాడు. పైన భిక్షువుల గదుల పునాదులు పొదల్లో మునిగి ఉన్నాయి. కొండ అంచున ఒకచోట రాతిగోడ నడుమెత్తున మొండిగా నిలబడి ఉంది. దాని వెనక పడమట నల్లటి కొండ. మావాడు ఆ గోడ మీద అరచెయ్యి వేసి చాలాసేపు తియ్యలేదు.

రెండో గీత తీశాను. ఫోనులో మ్యాపు మీద రెండూ గీస్తే, ఒడ్డుకి దూరంగా ఉత్త నీలం రంగులో ఒక చోట కలిశాయి. ఆ చుక్కని మావాడి ఫోనుకి పంపాను, మావాడు వేటకెళ్లిన తమ్ముడికి పంపి, ఫోను చేసి స్పీకరు పెట్టాడు.

"లొకేషన్ పంపాను సూడ్రా. అయ్య పార అదే. ఎంతసేపు పడతాది ఎల్లడానికి?"

అవతల అలలు పడవకి కొట్టుకుంటున్న చప్పుడు. తర్వాత తమ్ముడి గొంతు.

"ఎల్లక్కర్లేదన్నా. నానిక్కడే ఉన్నాను."

"ఇక్కడంటే?"

"నువ్ పంపిన సుక్క మీదే. ఓ పడవ పొడుగు అటో ఇటో. తెల్లారి నుంచి ఇక్కడే లంగరేసుకుని కూకున్నాను."

మావాడు ఫోను నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. "నీకు తెల్సన్నమాట."

"అయ్య సూపించాడు. నీకు సెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు."

"ఎల్లిపోయానని కోపంతోనే గదా."

"కోపం కాదన్నా. సెప్తే ఏదో ఒకరోజు ప్లాంటు మానేసి వచ్చేత్తావని. తుఫానొచ్చినప్పుడు ఇంట్లో ఒక్కడైనా ఒడ్డు మీదుండాలన్నాడు."

పోర్టాయన ముఖం పక్కకి తిప్పుకున్నాడు. మావాడు గోడ మీద కూలబడి, కండువాతో ముఖమంతా గట్టిగా తుడుచుకున్నాడు. తర్వాత మామూలు గొంతుతో అడిగాడు.

"సేప పడతందా?"

"పొద్దుట్నుంచి నాలుగు. ఏడాదిగా ఇంతే. పార ఉందన్నా, సేపే లేదు. పడవ అమ్మక తప్పదు."

"అమ్ముదువులే. ఆదివారం నన్ను తీసుకెల్తావా?"

"అయ్య వద్దన్నాడు గదా."

"అయ్య నిన్ను సెప్పొద్దన్నాడు. నువ్ సెప్పలేదు. నానే కనుక్కున్నాను."

"నాలుగింటికల్లా ఒడ్డుకాడుండు," అన్నాడు తమ్ముడు. "ఆలీసమైతే ఆగను."

నెలాఖరుకి పడవ అమ్ముడైపోయింది. దాన్ని మా గీతలేవీ ఆపలేదు. కానీ ఆ ఆదివారం మావాడు వెళ్లాడు. సోమవారం షిఫ్టు దిగాక క్యాంటీనులో నా ఎదురుగా కూర్చుని, టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా చెప్పాడు.

"దిబ్బ లేదు బావా. కానీ అదెక్కడుండాలో నాకు తెల్సు గదా. ఫోను జేబులోంచి తియ్యలేదు. నాను ఎయ్యమన్న కాడే తమ్ముడు లంగరేశాడు. కింద రాయి తగిలింది."