సలోమి చెప్పిన ప్రార్థన మనవి

మా చిన్నప్పుడు... ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో మా క్వార్టరు వెనక కొళాయి దగ్గర, సలోమి చేత పాటల పుస్తకం మీద చెయ్యి వేయించి ఒట్టు పెట్టించుకున్నాను. ఒట్లు పెట్టుకోకూడదని సండే స్కూల్లో నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పేవారు. అయినా పెట్టించుకున్నాను. అంత పెద్ద రహస్యం మరి!

మా నాన్న మళ్ళీ తాగుతున్నాడు... అదీ రహస్యం.

నాన్న పేరు రూబేను. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఆదివారం మా తెలుగు చర్చి గంట కొట్టేది ఆయనే. ఇస్త్రీ తెల్లచొక్కా వేసుకుని ఆయన తాడు లాగుతుంటే నాకెంత గొప్పగా ఉండేదో! అదే మనిషి వారంలో నాలుగు సాయంత్రాలు తూలుకుంటూ ఇంటికొచ్చేవాడు. అమ్మ గబుక్కున తలుపేసేసి, పక్కవాళ్ళు అడిగితే "ఒంట్లో బాగోలేదు" అనేది.

ఎన్నాళ్ళని కడుపులో దాచుకుంటాను? సలోమికి చెప్పేశాను. రెండిళ్ళ అవతల ఉండే దానియేలు మావయ్య కూతురు. మా ఇద్దరిదీ ఒకే క్లాసు, ఒకే బెంచీ. జామకాయ దొరికితే చెరో కొరుకూ కొరుక్కునేవాళ్ళం.

శుక్రవారం ఆడవాళ్ళ ప్రార్థన కూటం వంతులవారీగా ఒక్కో ఇంట్లో జరిగేది. ఆ వారం సలోమి వాళ్ళ ఇంట్లో. పాటలూ వాక్యమూ అయ్యాక, "పార్థన మనవులుంటే సెప్పండమ్మా" అన్నారెవరో. ఒకరు మోకాళ్ళ నొప్పులన్నారు... ఒకరు కొడుకు పరీక్షలన్నారు...

సలోమి లేచి నిలబడింది.

"రూబేను మావయ్య మళ్ళీ తాగుతన్నాడంట. మావయ్య కోసం పార్థన సెయ్యండి."

నా పక్కనే అమ్మ ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల వంచేసింది. ఇరవై మంది ఒక్కసారిగా కళ్ళు మూసుకుని, గొంతెత్తి మా నాన్న పేరు పెట్టి ప్రార్థన మొదలెట్టారు. ఆ పేరు వినబడినప్పుడల్లా నాకు అక్కడే చచ్చిపోవాలనిపించింది. నేనొక్కదాన్నే కళ్ళు తెరిచి సలోమిని చూస్తూ కూర్చున్నాను.

బయటికొచ్చాక సలోమి జబ్బ పట్టుకుని అడిగాను. "ఏల సెప్పినావే? ఒట్టేసినావు కదే!"

"నానేటి సేసినానే? పార్థనకే కదా సెప్పినాను..."

"ఇంక నువ్వు నాకు సచ్చిపోనావు."

ఆ ఆదివారం చర్చి గంట వేరే ఎవరో కొట్టారు. నాన్న చర్చికి రావడం మానేశాడు. కొళాయి దగ్గరికి అమ్మ వెళ్తే మాటలు టక్కున ఆగిపోయేవి. ఇదంతా సలోమి చేసిందే అనుకునేదాన్ని. నిజం చెప్పొద్దూ... తాగిన నాన్న మీద కూడా అంత కోపం రాలేదు.

ఆరాధన అయ్యాక అందరూ చేతులు కలుపుకుని "వందనాలు" చెప్పుకోవడం మా అలవాటు. సలోమి ఎదురొస్తే చేతులు వెనక్కి పెట్టేసుకునేదాన్ని. అందరం కలిసి చెప్పే పరలోక ప్రార్థనలో, మాకు తప్పు చేసినవాళ్ళని మేం క్షమించినట్టు అనే మాట వచ్చేసరికి నోరు గట్టిగా మూసుకునేదాన్ని. అది దాటాక మళ్ళీ అందుకునేదాన్ని. దాదాపు ఏడాది పాటు ఇదే వరస. అంత మొండిదాన్ని!

ఇంకో కోపం కూడా ఉండేది. ఆ కూటం మర్నాటి నుంచీ, సాయంత్రం వర్క్‌షాపు సైరన్ మోగేసరికి దానియేలు మావయ్య సైకిలుతో గేటు దగ్గర నాన్న కోసం కాపు కాసేవాడు. సారా కొట్టున్న దారి వదిలి, నాన్న సైకిలు పక్కనే తొక్కుతూ చుట్టూ తిప్పి ఇంటికి తెచ్చేవాడు. ఆయనకి డ్యూటీ మారితే చర్చివాళ్ళే ఇంకెవరో వచ్చేవారు. పోలీసులు దొంగని తెచ్చినట్టు మా నాన్నని తెస్తున్నారని నేను కుళ్ళిపోయేదాన్ని. నాన్న దారి పొడుగునా తిట్టేవాడు.

"ఠీక్ హై బావా, తిట్టుకో. సైకిల్ మాత్రం తొక్కు," అనేవాడు మావయ్య.

మా వరండాలో టీ తాగి, నాన్న అన్నానికి కూర్చున్నాకే కదిలేవాడు. ఒకరోజు కాదు, రెండ్రోజులు కాదు... నెలల తరబడి. మధ్యలో రెండు మూడుసార్లు నాన్న తప్పించుకున్నాడు కూడా. అయినా మర్నాడు గేటు దగ్గర సైకిలు ఉండేది.

క్రిస్మస్‌కి ముందు ఒక ఆదివారం నాన్న తెల్లచొక్కా తీసి వేసుకున్నాడు. అమ్మా నేనూ మొహాలు చూసుకున్నాం. చర్చిలో దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యాలు చెప్పే సమయానికి వెనక బెంచీలోంచి లేచాడు.

"నా పేరు అందరిలో సెప్పీసినాదని సలోమి పాప మీద నాకూ కోపమొచ్చినాది. పరువు పోనాదనుకున్నాను. పోనాది, నిజమే... ఆ పరువే ఉండుంటే ఇంకా తలుపేసుకుని తాగుతుందును. మందు మానీసి ఐదు నెలలైనాది. మానిపించింది దేవుడే గాని, రోజూ సైకిలేసుకునొచ్చింది మీరు."

మా ముందు బెంచీలో సలోమి భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోంది.

పరలోక ప్రార్థన మొదలైంది. ఆ మాట దగ్గరికి వచ్చింది. అలవాటుగా నోరు మూసుకోబోయాను... నాన్నే క్షమించేశాక నేనెవరిని? ఆ మాట పలికాను. సలోమి ఠక్కున వెనక్కి తిరిగి చూసింది. ఏడాదిగా నేను అక్కడ ఆగిపోవడం తను వింటూనే ఉందన్నమాట!

ఆరాధన అయ్యాక చెయ్యి చాపాను. "వందనాలు."

"ఇంకా కోపమేనా?"

"కోపమే... అయినా వందనాలు."

"తప్పే సేసినానే. నిన్నడిగి సెప్పాల్సింది," అంది నా చెయ్యి వదలకుండా.

మరుసటి ఆదివారం గంట నాన్నే కొట్టాడు.

ఇప్పుడు ప్రార్థన మనవులు ఫోన్లో గ్రూపుకి వస్తున్నాయి. చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టేసి పక్కకి జరిగిపోతున్నాం... నేనూ అంతే. సాయంత్రం సైకిలేసుకుని ఎవరి గేటు దగ్గరా నిలబడింది లేదు.

మీ ఇంటి గుట్టు బయటపెట్టిన సలోమి మీకూ ఒకరు ఉండే ఉంటారు. మళ్ళీ ఆమెతో మాట్లాడారా... ఇంకా చేతులు వెనక్కే పెట్టుకుని ఉన్నారా?