అత్తకి కేన్సర్ లేదట, అదే గొడవ

మా పెద్దత్తది నరసన్నపేట. అడ్డపొగ తాగుతుంది, అంటే చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుంటుంది. నోట్లో పుండు పడి నెల దాటినా ఆసుపత్రికి రానంటుంది. భయపెడదామని ఈ పొద్దున్న ఫోన్లో మన రాష్ట్రం కేన్సర్ లెక్కలు తెరిచి, జిల్లాల వరస చూపించాను.

కళ్లజోడు సర్దుకుని చూసింది. పక్క జిల్లాలో ఉన్న వియ్యపురాలితో ఆవిడకి ప్రతిదానికీ పోటీయే. "ఏటే, నా ఇయ్యపరాలి జిల్లా మనకన్నా పైనున్నాదేటి?"

"పరీక్షకి వెళ్లినవాళ్లనే లెక్కేస్తారత్తా. మనవాళ్లు వెళ్లరు కదా."

"అయితే నడు. నన్నూ ఏసుకోమను."

వెంటనే ఆటో ఎక్కింది. డాక్టరు నోరంతా చూసి, "కేన్సర్ కాదమ్మా, విరిగిన పన్ను ఒరుసుకుని పుండు పడింది. చుట్ట మాత్రం మానెయ్యాలి" అన్నాడు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. అత్త మాత్రం కుర్చీ దిగలేదు. "ఇంత దూరం వస్తే లేదంటావేటి బాబూ? సరిగ్గా సూడు!"

సాయంత్రం వీధిలో తన చుట్టల స్నేహితురాళ్లందర్నీ అరుగు మీద కూర్చోబెట్టి, "రేపు అందరూ నాతో రండే, ఒక్కద్దానికైనా ఉండకపోద్దా!" అంటోంది. వాళ్లు తలలూపుతున్నారు కూడా.

ఒక్కరికీ ఉండకూడదని నేను దండం పెట్టుకుంటున్నాను. మీ ఇళ్లలో మొండివాళ్లని ఏం చెప్పి ఆసుపత్రికి తీసుకెళ్లారో కాస్త రాయండి.