కేబుల్ కాక తీసిన వైరు

ఈ పొద్దున కోదాడలో మా ఇంటి రౌటర్ మీద ఎర్ర లైటు వెలిగింది. ఇంకెవరైనా అయితే కంపెనీకి ఫోన్ చేస్తారు. నేను మాత్రం గుండె చేత పట్టుకుని మేనత్త గదిలోకి పరుగెత్తాను. ఎనభై దాటిన మనిషి, నన్ను పెంచిన మనిషి, మంచం మీద కూర్చుని ఆగిపోయిన టీవీ వైపు చూస్తోంది. ఆమెకు ఊపిరి ఆడుతోందని చూసుకున్నాకే నాకు ఊపిరి ఆడింది. సిమెంటు ఫ్యాక్టరీలో తల నెరిసిన ఇంజనీరుకు ఇదేం పిచ్చి అంటారా? అనండి, కానీ ముందు ఇది వినండి.

ఒకప్పుడు మా వీధిలో టీవీ పెట్టించినా, పాడైనా, బాగుపడినా అన్నిటికీ ఒకే మనిషి, కేబుల్ కాక. అత్తను అక్కా అనేవాడు కాబట్టి నాకు కాక. చెప్పులు గడప బయట విడిచి, గోడకూ టీవీకీ మధ్య తల దూర్చి, అక్కణ్నుంచే ఇంట్లోవాళ్ల మంచీచెడ్డా అడిగేవాడు. ఆయనకో పద్ధతి ఉండేది. ఏ ఇంట్లో మనిషి పోయినా ఎవరూ పిలవకుండానే వచ్చి, టీవీ వెనక పిన్ను పీకి, వైరు చుట్ట చుట్టి వాకిట్లో మేకుకు తగిలించి పోయేవాడు. పెద్దకర్మ అయ్యాక మళ్లీ తనే వచ్చి పెట్టేవాడు. అన్నాళ్లూ ఆ ఇంట్లో రిమోట్ ఎవరూ ముట్టకూడదని ఆయన పట్టు. వీధిలో వెళ్తూ మేకుకు వేలాడే వైరు చూస్తే చాలు, అక్కడ చావు జరిగిందని తెలిసిపోయేది.

ఒక్కసారి పొరపాటు పడ్డాడు. అత్త భర్త, మా మామయ్య, అప్పుడు సూర్యాపేట దవాఖానలో ఉన్నాడు. బస్టాండులో ఎవరి మాటో నమ్మి కాక మధ్యాహ్నం వచ్చి మా వైరు తీసేశాడు. అత్త అప్పుడే మామయ్యకు పంపడానికి క్యారియర్ కడుతోంది. "బతికున్న మనిషికి వైరు తీస్తవారా? నీ నోట్ల మన్ను వడ!" అని గరిటె ఎత్తింది. పాపం, కాక మళ్లీ పెట్టి వెళ్లాడు. దీపాలు పెట్టే వేళకు దవాఖాన నుంచి ఫోన్ వచ్చింది. కాక వచ్చాడు గానీ ఆ వైరు మీదికి ఆయన చెయ్యి పోలేదు. నేనే తీశాను.

చాలా ఏళ్ల తర్వాత కంపెనీ నన్ను ఆర్నెల్ల పనికి జర్మనీ పంపింది. అక్కడి తంతే వేరు. ఇంటర్నెట్ కావాలంటే వారాల తరబడి ఆగాలి, రౌటర్ పోస్టులో వస్తుంది. లైను ఇవ్వడానికి వచ్చినతను గోడలో ఏదో నొక్కి, నా ముఖమైనా చూడకుండా పోయాడు. టీవీ ఉన్నా లేకున్నా ఇంటింటికీ టీవీ రుసుమట. నాకంటే ముందు ఆ గదిలో ఉండి చనిపోయిన ముసలామె పేరు మీద ఆ రుసుము కట్టమనే ఉత్తరాలు ఇంకా వస్తూనే ఉండేవి. మనిషి పోయిందని కాగితం చేరేదాకా అక్కడ ఆమె బతికున్నట్టే లెక్క.

నాది నేల కింది గది, సెల్ సిగ్నల్ అందదు. ఊరితో మాటామంతీ అంతా ఆ రౌటర్ మీదే. చలికాలం ఒక పొద్దున ఆరున్నరకు, ఎప్పుడూ పోని నెట్ పోయింది. ఎర్ర లైటు. అత్తకు జ్వరమని ముందురోజే విని ఉన్నాను. నా కళ్లకు మా వాకిట్లో మేకు కనబడింది. చెప్పులతోనే మంచులోకి ఉరికి, సిగ్నల్ దొరికాక ఫోన్ చేశాను. రెండుసార్లు ఎత్తలేదు. అరగంట తర్వాత మూడోసారి అత్తే ఎత్తింది.

"నాకేం గాలే బిడ్డా. మీ కాక పొయిండు. పదకొండు గొట్టంగ వచ్చి మన వైరు తీసిండు. ఎవరు పొయిన్రురా అని నేను అడుగుతనే ఉన్న. మేకుకు తగిలిచ్చి, ఇంటికి పొయి కుర్చీల గూసున్నడట. గంతే."

అక్కడ పదకొండంటే నాకు ఆరున్నర. గదికి తిరిగొచ్చేసరికి పచ్చ లైటు వెలుగుతోంది. నెట్ కంపెనీకి రాసి అడిగితే మర్యాదగా జవాబిచ్చారు, ఆ రోజు నా లైను ఒక్క క్షణం కూడా ఆగలేదని. ఆ ఉత్తరం ఇప్పటికీ నా బీరువాలో ఉంది. అత్తకు మాత్రం ఆ సంగతి చెప్పలేదు.

ఇప్పుడు మా ఇంటికీ ఫైబర్ వచ్చింది, టీవీ కూడా నెట్ మీదే. మేకు మాత్రం వాకిట్లో అలాగే ఉంది. ఈ పొద్దున అత్త నన్ను చూసి మెల్లగా అడిగింది: "బయట ఎవలన్న వచ్చిన్రారా?" ఎవరూ రాలేదన్నాను. అయినా వెళ్లి మేకు చూసొచ్చాను. వట్టి మేకే, సిగ్గు లేకుండా చెబుతున్నాను, దాన్ని చేత్తో తడిమి కూడా చూశాను. కాసేపటికి పచ్చ లైటు వెలిగింది. ఆగిన సీరియల్ రాలేదు, తెర మీద ఏవో అక్షరాలు వచ్చాయి. అత్తకు చదువు రాదు.

"ఏమంటుందిరా అది?"

"ఇంకా చూస్తున్నారా అని అడుగుతుందత్తా."

అత్త నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. "అవునని కొట్టు బిడ్డా. జల్ది కొట్టు."

కొట్టాను. ఒకప్పుడు మన కాలం అయిందో లేదో చెప్పడానికి ఒక మనిషి చెప్పులు విడిచి లోపలికి వచ్చేవాడు. ఇప్పుడు ఈ తెర మన పేరైనా తెలియకుండా అడుగుతోంది, జవాబు మనమే చెప్పుకోవాలి.