ముఖానికి సున్నం

కోమలిది పాకాల. తిరుపతిలో గంగాధరం స్టూడియో తరఫున పెళ్లి వీడియోలు తీసేది. కెమెరా పట్టడం ఆ స్టూడియోలోనే నేర్చుకుంది. వెలుతురును చూడడం మాత్రం హాంకాంగ్ సినిమాలు తీసిన ఒక ఛాయాగ్రాహకుడి నుంచి నేర్చుకుంది. ఆయన పేరు పలకడం ఆమెకు ఇప్పటికీ సరిగా రాదు. ఆదివారాలు ఆయన సినిమాలను ఆపి ఆపి చూసేది. ఇరుకు మెట్లు, పెచ్చులూడిన గోడలు, పచ్చగా కొట్టే ట్యూబులైటు. ఆయన వాటిని దాచడు. ఉన్న దీపంతోనే తీస్తాడు. ముఖం సగం చీకట్లో ఉంటే ఉండనిస్తాడు. ఆ సగంలోనే మనిషి దిగులంతా తెలుస్తుంది.

"మన పుత్తూరు బస్టాండు కూడా ఇట్లే ఉండాది గదా నాయనా, మనమెందుకు ఇట్లా తీయము?" అని తండ్రితో వాదం పెట్టుకునేది.

ఆ పుత్తూరులోనే హేమశ్రీ అనే అమ్మాయి పెళ్లి తీయడానికి కోమలి వెళ్లింది. పెళ్లికూతురు నలుపు. తాళి కట్టాక, మధ్యాహ్నం, అలసిపోయి వంటశాల పక్క నడవలో కూర్చుని అన్నం తింటోంది. పైనున్న చిన్న కిటికీలోంచి ఎండ ఆమె చెంప మీద పడింది. ఆ ఎండలో పొయ్యి పొగ తేలుతోంది. కోమలి లైటు ఆర్పించి తీసింది. వడ్డించే అవ్వ ఏదో అంటే హేమశ్రీ నోట్లో ముద్దతోనే నవ్వింది. అంత మంచి షాటు తానింతవరకు తీయలేదని కోమలికి అప్పుడే తెలిసిపోయింది.

కొన్నాళ్లకు స్టూడియోలో ఆ వీడియో చూస్తే ఆ ముఖం పిండి పూసినట్టు తెల్లగా ఉంది. ఎండ లేదు, పొగ లేదు.

"దీన్ని ఎవురు ముట్టుకున్నారన్నా?"

"నేనే," అన్నాడు గంగాధరం. "పిల్ల నల్లగా ఉండాది. పెండ్లికొడుకు తట్టోళ్లు ఏమనుకుంటారు?"

"గోడకు సున్నం కొట్టినట్టు కొట్టినావు. ఆ పాప ముఖం యాడుండాది దీంట్లో?"

"నీ హాంకాంగ్ పురాణం ఇంటికాడ సెప్పుకో. ఈడ జనం అడిగిందే ఇస్తాం."

"అడిగినారా? ఒక్కరన్నా నోరు తెరిచి అడిగినారా?"

కోమలికి ఒళ్లు మండిపోయింది. అసలు వీడియోను, తెల్లగా చేసినదాన్ని లాప్‌టాప్‌లో వేసుకుని పుత్తూరు బస్సెక్కింది. హేమశ్రీ ఇంకా పుట్టింట్లోనే ఉంది. ఆమెకు రెండూ చూపించింది.

నడవలోని ముక్కను హేమశ్రీ మళ్లీ వేయించుకుని చూసింది.

"నాకు ఇదే బాగుండాదక్కా," అంది. "అత్తోళ్లకు మాత్రం ఆ తెల్లదే ఇయ్యి. పెండ్లిచూపులప్పుడే రంగు గురించి అన్నారు. టీవీలో పెట్టి అందరి ముందర మళ్లీ అనిపించుకోలేను."

కోమలికి ఆ పిల్ల మీద కోపం రాలేదు. పెళ్లిచూపుల్లో ఆ మాట అన్నవాళ్ల మీద వచ్చింది. అడక్కముందే వాళ్లకు వత్తాసు పలికిన గంగాధరం మీద ఇంకా ఎక్కువ వచ్చింది. హేమశ్రీ ఆ ఒక్క ముక్కను తన ఫోన్‌లో ఎక్కించుకుని, ఎవరికీ చెప్పొద్దంది.

తెల్ల వీడియోనే ఇచ్చారు. అందులోంచి కోమలి తన పేరు తీయించి, ఆ రోజే స్టూడియో మానేసింది.

ఇప్పుడు సొంతంగా తీస్తోంది. ముఖాల రంగు మార్చనని ముందే చెప్పేస్తుంది. చాలామంది అక్కడే లేచి వెళ్లిపోతారు. మొన్న బిడ్డ పెళ్లి వీడియో మాట్లాడడానికి ఏర్పేడు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, "రవ్వంత తెల్లగా చేస్తే నీదేం పోతాదమ్మా?" అన్నాడు.

"నాదేం పోదు. పోయేది నీ బిడ్డ ముఖం," అంది కోమలి.

ఆయన చెప్పులేసుకున్నాడు. ఆ పెళ్లి గంగాధరమే తీశాడు.