మా తోటికోడలింటి డ్రయ్యర్

మా మరిది ఇంటికి బట్టలారబెట్టే మెషిన్ వచ్చిన ఏడాది నేను చేసిన పని ఒకటుంది. దాన్ని ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

ఎనభైల మొదట్లో మాట. మా ఆయన టాటానగర్ లోకో షెడ్డులో ఫిట్టరు. పర్సుడీహ్ వైపు రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. ఆషాఢం మొదలైతే నాలుగు నెలలు మా ఇంట్లో బట్టలు ఆరేవి కావు. ముందుగదిలో అడ్డంగా మూడు తాళ్లు కట్టి, వాటి కిందనుంచి వంగి నడిచేవాళ్లం. కాస్త తెరిపిచ్చిందని బయట ఆరేస్తే ఇంజన్ల మసి పడేది. పిల్లల బట్టలైతే కుంపటి మీద బుట్ట బోర్లించి, దానిమీద పరిచి ఆరబెట్టేదాన్ని.

మా అత్త నా పెళ్లయిన నాటినుంచీ నాతోనే ఉంది. ఆమె కట్టేవి తెల్ల నేతచీరలు. వాటికి గంజి పెట్టడంలో నా చేతికి పేరుండేది. బియ్యపు గంజిని పల్చటి గుడ్డలో వడకట్టి, చీరని అందులో ముంచి, పిండీ పిండనట్టు పిండి ఆరేసేదాన్ని. 'పెద్దది గంజి పెడితే చీర పలకలా నిలబడతాది' అని నలుగురిలో చెప్పేది మా అత్త. నన్ను ఆమె మెచ్చుకునేది ఆ ఒక్క విషయంలోనే. నేను దాన్నే పట్టుకుని బతికేదాన్ని.

మా మరిది ఆదిత్యపూర్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో పనిచేసేవాడు. ఏదో మెషినరీ బిగించడానికి వచ్చిన విదేశీ ఇంజనీరు తన దేశం వెళ్లిపోతూ ఇంట్లో సామానంతా అమ్మేస్తే, అందులో ఈ డ్రయ్యర్‌ని మరిది కొని తెచ్చుకున్నాడు. ఒక ఆదివారం మమ్మల్నందరినీ పిలిచాడు. ఖర్కాయి వంతెన దాటి, టెంపోలో తడుస్తూ వెళ్లాం.

తెల్లటి పెట్టె. ముందు గుండ్రటి తలుపు, లోపల రేకు డోలు. మరిది తలుపు తీసి లోపలికి చెయ్యి పెట్టి చూపించాడు.

"ఒదినా, ఈ రెండు పట్టీలు సూడు. తడిబట్ట వీటికి తగిలినంతసేపు మెషిన్ తిరుగుతాది. తడి తగల్లేదంటే బట్టలు ఆరిపోయాయని దానికే తెలిసిపోతాది, బంద్ అయిపోతాది. ఆటోమేటిక్. కాదు, మనమే టైము పెట్టుకోవాలంటే మీట ఇటేపు తిప్పాలి."

తడి తువ్వాళ్లు వేసి తిప్పితే ముప్పావుగంటకి మెషిన్ దానంతటదే ఆగింది. తోటికోడలు తువ్వాలు తీసి మా అత్తకిచ్చింది. అత్త దాన్ని చెంపకి ఆనించుకుంది.

"ఎండలో ఆరినట్టే ఉంది. పెద్దదానింట్లో ఏ బట్ట సూసినా పొగ కంపే" అంది.

నా ముందే అంది. ఆ సాయంత్రం మాతో తిరిగి రాలేదు. వానలు తగ్గేదాకా చిన్నకోడలి దగ్గరే ఉంటానంది. మర్నాడు మా ఆయన ఆమె చీరల మూట అక్కడికి చేరవేశాడు. మా తాళ్ల మీద తెల్లచీరలు లేకపోయేసరికి ముందుగది వెలుతురుగా ఉంది. ఆ వెలుతురు చూస్తే నాకు ఒళ్లు మండిపోయేది.

అయిదు వారాలకి తోటికోడలు మా ఇంటికొచ్చింది. నాకంటే ఎనిమిదేళ్లు చిన్నది. చంకలో ఎనిమిది నెలల పిల్ల.

"అక్కా, మెషిన్ పాడైపోనాది. తడిబట్టలు ఏత్తే పది నిమిషాలకే బంద్ అయిపోతంది. తలుపు తీత్తే నీళ్లు కారతన్నాయి."

"అయ్యో" అన్నాను. ఆ రోజు ఆమె టీలో పాలు ఎక్కువ పోశాను.

మరిది మెషిన్లో బట్టల నూగు పట్టే జల్లెడ కడిగాడు. ప్లగ్గు మార్చాడు. వర్క్‌షాపు నుంచి ఎలక్ట్రీషియన్ని తెస్తే అతను వెనక రేకు విప్పి, మీటరు పెట్టి చూసి, అన్నీ బాగానే ఉన్నాయన్నాడు. టైము పెట్టి తిప్పితే తిరిగేది కానీ ఎప్పుడాపాలో తెలిసేది కాదు. అత్త చీర ఒకటి అప్పడంలా ఎండిపోయి మడతల దగ్గర చిరిగింది. మరిది టెరిలిన్ చొక్కా ముడుచుకుపోయింది. దాంతో భయపడి ముట్టుకోవడం మానేశారు.

తర్వాతి ఆదివారం నేను వెళ్లాను. పాడైన మెషిన్ని చూడాలనే వెళ్లాను. తోటికోడలు వంటింట్లో ఉంది. తలుపు తీసి డోలులోకి తల పెట్టి, మరిది చూపించిన పట్టీల మీద వేలు రాశాను. రేకులా చల్లగా తగల్లేదు. నున్నగా, పొరలా ఉంది. గోటితో గీకితే తెల్లగా పొట్టు లేచింది. గంజి గిన్నె అంచున ఎండే పొర అది. రోజూ తోమేదాన్ని, నాకు తెలియకుండా ఎలా ఉంటుంది? అత్త మెప్పు కోసం తోటికోడలు చిక్కటి గంజి పెట్టి, ఆ చీరల్ని అలాగే మెషిన్లో వేసింది. పట్టీలకి పొర కట్టింది. ఇక తడిబట్ట తగిలినా మెషిన్‌కి తెలియడం లేదు.

అడుగుల చప్పుడైతే తల బయటికి తీశాను.

"ఏటైనా తెలిసిందా అక్కా?"

"మెషిన్ల సంగతి నాకేటి తెలుసు" అన్నాను.

తిరుగు టెంపోలో నాకు నవ్వొచ్చింది. వారం తిరక్కుండానే మా అత్త మూటతో దిగింది. "అక్కడ గుడ్డ ఆరట్లేదే" అంది. ఆమె చీరలకి గంజి పెడుతూ ఆ రోజంతా నేను కూనిరాగం తీశాను.

మరో రెండు వారాలు మాట్లాడకుండా ఊరుకున్నాను. తర్వాత పిల్లకి ఒంట్లో బాగాలేదని కబురొస్తే వెళ్లాను. మెషిన్ వచ్చాక తోటికోడలు ఇంట్లో తాళ్లు పీకేసింది. ఇప్పుడు పొత్తిగుడ్డలు కుర్చీల మీద, కిటికీ ఊచల మీద వేలాడుతున్నాయి. పిల్ల తొడల సందుల్లో చర్మం ఒరిసి ఎర్రగా పుళ్లయింది. గుడ్డ తగిలితే గుక్కపట్టి ఏడుస్తోంది. తోటికోడలు తడిగుడ్డల్ని ఇస్త్రీ చేసి ఆరబెడుతోంది. ఆమె మణికట్టు మీద కాలిన మచ్చలు రెండున్నాయి.

"ఎంత ఇస్తిరీ సేసినా లోపల సెమ్మ ఉండిపోతంది అక్కా" అంది. ఆమె గొంతులో నామీద నిష్ఠూరమేమీ లేదు.

నేను కూర్చోలేకపోయాను. ప్లగ్గు తీయించాను. వేడినీళ్లు, సబ్బు, పాతగుడ్డ అడిగాను. డోలులోకి వంగి పట్టీల్ని నానబెట్టి తోమాను. గుడ్డకి పిండిలా అంటుకుంది. రేకు తళతళలాడేదాకా తోమి, పొడిగుడ్డతో తుడిచి, పొత్తిగుడ్డలన్నీ వేసి మీట ఆటోమేటిక్‌కి తిప్పమన్నాను.

పది నిమిషాలయింది. ఆగలేదు. అరగంట దాటాక ఆగింది. తోటికోడలు ఒక గుడ్డ తీసి చూసుకుని, పిల్లకి కట్టింది.

మరిది పొంగిపోయాడు. "ఎలక్ట్రీషియన్‌కే తెలీలేదు, నీకెలా తెలిసింది ఒదినా?"

"గంజి సంగతి కదా" అన్నాను.

టెంపో దాకా తోటికోడలు వచ్చింది. చినుకులు పడుతున్నాయి.

"ఆ ఆదివారం నీ గోటిలో తెల్లగా ఏటో ఉంది అక్కా. పిండేమో అనుకున్నాను" అంది.

నేను రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాను. టెంపో వచ్చింది.

"జాగర్త, మెట్టు తడిగా ఉంది" అని చెప్పి వెనక్కి వెళ్లిపోయింది.

ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు. అని ఉంటే మా అత్త ఊరుకునేది కాదు. తోటికోడలు పండక్కి వచ్చేది, పిల్లని నా ఒళ్లో పెట్టేది. సలహా మాత్రం మళ్లీ ఎన్నడూ అడగలేదు.

మరుసటేడు వానల్లో, మా బట్టలు కూడా పంపమని మరిదితో చెప్పించింది. నేను వద్దన్నాను. మా ఆయన వినకుండా దుప్పట్లన్నీ మూటకట్టి సైకిలు మీద పట్టుకెళ్లాడు. సాయంత్రానికి అవి వెచ్చగా, అంచుకి అంచు కలిపి మడిచి తిరిగొచ్చాయి. మా అత్త ఒక దుప్పటి మీద చెయ్యేసి, "చిన్నది ఎంత పొందిగ్గా మడిచిందో సూడు" అంది.

ఆమె అటు వెళ్లాక మూట ముందు కూర్చున్నాను. ఒక్కో దుప్పటీ విప్పి, మళ్లీ నా పద్ధతిలో మడిచి పెట్టెలో పెట్టాను.