బొడ్డు లేని గోళీ

ముందే ఒప్పేసుకుంటాను. ఆ రోజు తప్పు నాదే. మా మామయ్యది కాదు, ఆయన మిషనుదీ కాదు, డ్రాయింగు మేష్టారిది అసలే కాదు. ఒక ముసలామె ప్రాణంలా దాచుకున్న గోళీని, ఆమెకు మేలు చేస్తున్నాననుకుంటూ నా చేతులతో నేనే పాడుచేశాను. ఇన్నేళ్లయినా ఎక్కడైనా నున్నటి గ్రానైటు గచ్చు కనబడితే నా చెవులు వేడెక్కుతాయి.

ఎనభైల మొదట్లో మా వైపు పధ్నాలుగేళ్ల కుర్రాడి పరపతి వాడి నిక్కరు జేబు బరువుని బట్టి ఉండేది. చీమకుర్తికి నాలుగు మైళ్ల దూరంలో మా ఊరు. మార్చి వచ్చి ఒంటిపూట బడులు పెట్టారంటే చాలు, అన్నం తినీ తినకముందే మిరప కళ్లాల పక్కన చేరేవాళ్లం. ఒకవైపు ఎర్రగా కాయలు ఎండుతుండేవి, ఇంకోవైపు మేము ఎండుతుండేవాళ్లం. గాలి ఇటు తిరిగితే అందరం ఒక్కసారే తుమ్మేవాళ్లం. (ఆ తుమ్ముల మధ్యే అవతలివాడి గోళీ జరిపేసే మహానుభావులు ఉండేవారు. నేను కూడా జరిపాను, దాచడం దేనికి.) అయితే అప్పటిదాకా మాకు గోళీ అంటే గోళీయే. పెద్దది, చిన్నది, పగిలింది, అంతే తేడా.

ఆ ఏడు మంగళగిరి వైపు నుంచి బదిలీ మీద కొత్త డ్రాయింగు మేష్టారు వచ్చి మా కళ్లు తెరిపించారు. ఆయన దగ్గర బిస్కట్ల డబ్బా ఒకటి ఉండేది. అందులో దూది పరిచి, దూదిలో కోడిగుడ్లు పొదగేసినట్టు గోళీలు పేర్చి ఉండేవి. ఒకరోజు బడి అయ్యాక నన్ను కిటికీ దగ్గరకు పిలిచి, భూతద్దం చేతికిచ్చి ఒక్కొక్కటే చూపించారు. "ఇది సోడాబుడ్డిలోది. లేత పచ్చగా ఉంది చూడు, లోపల సన్నటి బుడగలున్నాయి. ఇదేమో ఈమధ్య ఫ్యాక్టరీలో చేసింది, పిల్లికన్ను. లోపల రంగు రేకు ఉంది కదా, అది మధ్యలోనే ఆగిపోయింది, అంచుదాకా రాలేదు. ఇక ఇది సీమ గోళీ, దొరల దేశం నుంచి వచ్చింది. మిషన్లు రాకముందు చేత్తో చేసింది. రంగు దారాలు ఈ చివర నుంచి ఆ చివరదాకా మెలి తిరుగుతూ వెళ్తాయి."

ఆ సీమ గోళీని వెలుతురుకి పెట్టి చూశానండీ, ఒళ్లు జలదరించింది! ఎరుపు, తెలుపు, నీలం దారాలు గాజులో గడ్డకట్టిన సుడిగాలిలా ఉన్నాయి. మన ఊళ్లో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో, ఎవరి జేబులో ఏముందో అని నాకు కాళ్లు నిలవలేదు. పుస్తకాలు చంకన పెట్టుకుని పరుగు లంకించుకున్నాను. వెనక నుంచి మేష్టారు, "ఒరేయ్, ఆగరా! అసలు గుర్తు ఇంకా చెప్పలేదు!" అని అరుస్తూనే ఉన్నారు. సగం తెలిశాక మిగతా సగం దేనికి?

మర్నాటికి నేను ఊళ్లో గోళీల డాక్టర్ని అయిపోయాను. నాన్న పంచాంగం చూసే భూతద్దం ఎత్తుకొచ్చి కళ్లం గట్టు మీద కూర్చుంటే ఎదురుగా వరస కట్టేవాళ్లు.

"నాది చూడరా, సీమదేనా?"

"సోడాబుడ్డిది. జరుగు."

"సరిగ్గా చూడరా! మా అన్న ఒంగోలు నుంచి తెచ్చాడు."

"ఒంగోల్లో సోడాలు తాగరా ఏంటి? జరుగు, జరుగు."

రోజుకి నలభై యాభై గోళీలు చూసేవాణ్ణి. నిద్రలో కూడా "పిల్లికన్ను, పిల్లికన్ను" అని కలవరిస్తుంటే మా అమ్మ గాలి సోకిందేమోనని మిరపకాయలతో దిష్టి తీసింది. ఇంత వెతికినా ఒక్కటంటే ఒక్క సీమ గోళీ దొరకలేదు. అప్పుడు, మా కళ్లంలో కాయలకు తొడిమలు తీసే ఆడవాళ్లలోంచి ఒకామె పిలిచింది. "అబ్బయ్యా, నా దగ్గరోటుంది. చూస్తావా?"

ఆమెను ఊరంతా దొరసాని అవ్వ అనేవాళ్లు. వెక్కిరింపుగానే అనుకోండి. వయసులో ఉన్నప్పుడు ఒంగోల్లో మిషనరీ దొరల బంగళాలో పిల్లవాణ్ణి ఎత్తుకునే పని చేసిందట. వాళ్లు దేశం వెళ్లిపోతున్న రోజున ఆ పిల్లవాడు ఏడుస్తూ తన గోళీ ఈమె చేతిలో పెట్టాడట. నలభై ఏళ్లుగా ఈ సంగతి చెబుతూనే ఉంది, నలభై ఏళ్లుగా ఒక్కరూ నమ్మలేదు. పక్కనే కూర్చున్న కోడలు ఆ రోజూ అందుకుంది. "మా అత్త తిరణాల్లో కొనుక్కుని దొరబాబు ఇచ్చాడంటది. ఇంకొన్నాళ్లు పోతే బంగళా కూడా రాసిచ్చాడంటది."

అందరూ నవ్వారు. అవ్వ కొంగు ముడి విప్పి గోళీ నా అరచేతిలో పెట్టింది. రేగుపండంత గోళీ, ఈ చివర నుంచి ఆ చివరకు మెలి తిరిగిన దారాలు! "అవ్వా! సీమదే! ముమ్మాటికీ సీమదే!" అని గంతులేశాను.

"నువ్వంటే ఎవరు నమ్ముతారబ్బయ్యా? మీ మేష్టారు చేత చెప్పించు. అందరి ముందరా చెప్పించు. నేను సచ్చేలోగా ఒక్కసారైనా 'ముసలిది అబద్ధం చెప్పలేదు' అనిపించుకోవాల."

ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి ముందు పందిట్లో చూపిద్దామన్నాను. గోళీ నా దగ్గరే ఉంచుకున్నాను. ఇంటికెళ్లి భూతద్దంలో చూస్తే రెండు చివర్లా ఏదో గరుకుగా, పెచ్చు లేచినట్టు మచ్చలు కనబడ్డాయి. అయ్యో, దెబ్బ తిన్నదేమో, ఇలా చూపిస్తే మేష్టారు ఏమనుకుంటారు? పెళ్లిచూపులకు పిల్లని దుమ్ము కాళ్లతో కూర్చోబెడతామా? మా మామయ్య చీమకుర్తిలో గ్రానైటు పలకలు కోసే చోట పాలిష్ పని చేసేవాడు. శనివారం మధ్యాహ్నం రాళ్ల లారీ ఎక్కి వెళ్లాను.

"ఏరా, దీనికి కూడా పాలిషా? ఏ గుమ్మానికి వేస్తావు?" అని నవ్వి, అంచులు నున్నగా చేసే చక్రం మీద నీళ్లు పోస్తూ పట్టాడు మామయ్య. పావుగంటలో మచ్చలు మాయం. ఎటు తడిమినా వెన్నముద్ద! లారీలో వస్తూ దారంతా దాన్ని చూసుకుంటూనే ఉన్నాను.

ఆదివారం పందిరి కిటకిటలాడింది. అవ్వ ఉతికిన తెల్ల చీర కట్టుకుంది. మేష్టారు భూతద్దం పెట్టి తిప్పి తిప్పి చూశారు. ఆయన మొహం ముందు వెలిగింది, తర్వాత ముడుచుకుంది.

"దారాలు పాతవాటిలాగే ఉన్నాయమ్మా. కానీ దీనికి బొడ్డేదీ?"

నాకు అర్థం కాలేదు. ఆయనే అందరికీ చెప్పారు. చేత్తో చేసేటప్పుడు వేడి గాజు కడ్డీ నుంచి గోళీని కత్తిరిస్తారట. కత్తిరించిన చోట గరుకు మచ్చ మిగులుతుందట. పురిటి బిడ్డకి బొడ్డులాగా. "అదే అసలు గుర్తు. అది లేకుండా పాతదని నేను మాటివ్వలేనమ్మా."

"మొన్నటిదాకా ఉంది బాబూ! నిజం, ఉంది!" అంది అవ్వ.

"దొరబాబుతో పాటు ఓడెక్కి పోయిందేమో అత్తా!" అంది కోడలు. పందిరంతా గొల్లుమంది. అవ్వ ఎవరివంకా చూడకుండా గోళీ కొంగుకు కట్టుకుని వెళ్లిపోయింది. నేను? నేను స్తంభం వెనక్కి తప్పుకున్నాను. 'నేనే అరగదీశాను' అన్న రెండు ముక్కలు చెప్పకుండానే ఇంటిదారి పట్టాను.

ఆ వారమంతా కళ్లంలో అవ్వ తలొంచుకుని తొడిమలు తీసింది. దొరబాబు ఊసే ఎత్తలేదు. వెక్కిరించేవాళ్లకు కూడా ఏమీ తోచలేదు. నాకైతే అన్నం సయించలేదు. శనివారం మేష్టారి దగ్గరకెళ్లి అంతా చెప్పేశాను. ఆయన నా చెవి మెలేసి, "ఈ మాట నాకు కాదురా, అక్కడ చెప్పు" అన్నారు.

చర్చిలో పాటలయ్యాక సాక్ష్యాలు చెప్పే సమయం ఒకటుంటుంది. జ్వరం తగ్గినవాళ్లు, తాగుడు మానినవాళ్లు లేచి చెబుతారు. మా ఇంట్లో ఎవరూ ఆ గడప తొక్కి ఎరగరు. మర్నాడు నేను వెనక చాప మీద నుంచి లేచి నిలబడ్డాను.

"ఏం బాబూ, ఏం జరిగింది?" అన్నారు పాస్టరు అయ్యగారు ఆదరంగా.

"గోళీ అరగదీశానండీ."

ఎవరో కిసుక్కున నవ్వారు. లారీ ఎక్కిన దగ్గర నుంచి స్తంభం చాటుకు తప్పుకున్నదాకా ఒక్కటీ దాచకుండా చెప్పాను. మధ్యలో ఏడుపొచ్చింది, ముక్కు చొక్కాకే తుడుచుకున్నాను. మేష్టారు ముందుకొచ్చి, గోళీ అడిగి తీసుకుని, చివరలు రెండూ గుండ్రం తప్పి పలకబారిన సంగతి అందరికీ చూపించారు. "ఇప్పుడు మాటిస్తున్నాను. ఇది చేత్తో చేసిన సీమ గోళీయే. ఈమె చెప్పింది నిజం."

అవ్వ లేచి నా దగ్గరకొచ్చింది. దీవిస్తుందనుకున్నాను. నెత్తి మీద ఠంగుమని ఒక మొట్టికాయ వేసి, అందరివైపూ తిరిగి, దొరలు ఓడ ఎక్కిన రోజు కథ మొదటి నుంచి ఎత్తుకుంది. ఆ రోజు ప్రార్థన ముగిసేసరికి అందరి ఇళ్లలోనూ అన్నాలు చల్లారిపోయాయి. కోడలితో సహా ఒక్కరూ కదల్లేదు.

మర్నాటి నుంచి ఆ ఏటి కాయలు అయిపోయేదాకా మధ్యాహ్నాలు గోళీలాట మానేసి, అవ్వ పక్కన కూర్చుని ఆమె బుట్టలో కాయలకు తొడిమలు తీశాను. చేతులు భగ్గుమనేవి. పొరపాటున కన్ను నలుపుకుంటే అవ్వే మజ్జిగలో గుడ్డ తడిపి అద్దేది. ఆఖరి రోజున ఆమె గోళీ బయటికి తీసి బొటనవేలితో తడుముతోంది. వేలు చివరదాకా వెళ్లి, ఏదో వెతుక్కుంటున్నట్టు అక్కడే ఆగిపోతోంది.

"బాగా పాడైందా అవ్వా?" అన్నాను.

నా మొహంలోకి ఒక క్షణం చూసి, "లేదబ్బయ్యా. ముందుకంటే ఇప్పుడే బాగుంది" అంది.

నాకు తెలిసి ఆమె జీవితంలో చెప్పిన అబద్ధం అదొక్కటే. పధ్నాలుగేళ్ల ఆ పిచ్చి సన్నాసి దాన్ని నిజమేననుకుని, మండుతున్న చేతులు ఊదుకుంటూ, ఎగురుకుంటూ ఇంటికెళ్లాడు.